అల్పమూల్యపు కార్డు – అనల్పమైన నాదము

ఒకనాడు గ్రామఫోను, ఆ పిమ్మట రేడియో, తరువాత టేపు రికార్డరు అలంకరించిన స్థానమును నేడు మన మధ్యతరగతి గృహములలో కంప్యూటరు ఆక్రమించినది. పిల్లల చదువులకును పెద్దల ఉద్యోగములకును కొన్న ఆ యంత్రముననే, రాత్రి పనులు ముగిసిన వెనుక ఘంటసాల పాటయో, బాలమురళీకృష్ణ కచేరీయో వినవలెనను కోరిక కలుగును. ఇంటివారి నిద్ర చెడకుండుటకై హెడ్‌ఫోను చెవులకు తగిలించుకొందుము. తీరా వినబోవునప్పటికి గాత్రము పలుచనై, మృదంగము గాంభీర్యముడిగి, పల్లవికిని చరణమునకును నడుమ సన్నని రొద వినవచ్చినచో, “చవక కార్డు గదా, ఇంతకంటె నేమి వచ్చును!” అని సమాధానపడుట లోకరీతియైనది. ఆ సమాధానము న్యాయమైనది కాదు. చవక సౌండ్ కార్డునందలి లోపములలో అధికభాగము దాని వెలవలన గాక, దానికిని మన హెడ్‌ఫోనునకును పొందిక కుదరకపోవుటవలన కలుగుచున్నవి. ఆ పొందికను కుదుర్చుట స్వల్పవ్యయముతో, కొలదిపాటి తెలివిడితో సాధ్యమగు పని.

కంప్యూటరు పుట్టుకతోనే పాడనేర్చినది కాదు. తొలినాటి వ్యక్తిగత కంప్యూటర్ల పెట్టెలో నుండిన చిన్న స్పీకరు కూతలు వేయుటకు తప్ప వేరొండు పనికి అంతగా అక్కరకు రాకుండెను. 1987లో కెనడాదేశపు క్వెబెక్కునకు చెందిన ఆడ్‌లిబ్ సంస్థ సంగీతస్వరములను కల్పించు కార్డునొకదానిని వెలువరించెను. 1989లో సింగపూరునందలి క్రియేటివ్ సంస్థ, సిమ్ వాంగ్ హూ అను దక్షుని నాయకత్వమున, సౌండ్ బ్లాస్టరును విపణికి తెచ్చి, కల్పితస్వరములనే గాక ముందే నమోదైయున్న ధ్వనులను గూడ కంప్యూటరుచేత పలికించెను. ఆపై కొన్ని సంవత్సరములవరకు సౌండ్ కార్డు అనగా వేరుగా కొని తగిలించుకొనవలసిన వస్తువే. ఇంటెల్ సంస్థ 1997లో ఏసీ 97 అను ప్రమాణమును, 2004లో హెచ్‌డీ ఆడియో అను ప్రమాణమును ఏర్పరచినమీదట, ధ్వనికి సంబంధించిన వ్యవహారమంతయు మదర్‌బోర్డు మీద అమర్చిన చిన్న చిప్పునకు అప్పగింపబడినది. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో విడిభాగములు ఏరికోరి కూర్పించుకొన్న కంప్యూటరును విప్పి చూచినను, తైవానుదేశపు రియల్‌టెక్ సంస్థవారి చిప్పో, దానివంటి మరియొకటియో అందు సాధారణముగ కానవచ్చును.

ఈ చిప్పు నిర్వహింపవలసిన కార్యములు రెండు. అంకెలరూపమున నిలువయున్న సంగీతమును విద్యుత్తరంగముగా మార్చుట మొదటిది; ఆ తరంగమును, హెడ్‌ఫోనులోని తీగచుట్టను కదలింపజాలిన బలముతో వెలికి పంపుట రెండవది. ఈ రెంటిలో ఏది చక్కగా జరుగుచున్నదో, ఏది కుంటువడుచున్నదో తెలియనంతకాలము మనము చేయు వ్యయమంతయు గురితప్పిన వ్యయమగును.

మొదటి కార్యమును గూర్చి దిగులుపడవలసిన పని లేదు. 1982లో సీడీ వెలువడిన నాటినుండి, సెకనునకు 44,100 మారులు తరంగముయొక్క ఎత్తును కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్ల సంఖ్యగా వ్రాయు పద్ధతి సంగీతమునకు స్థిరపడినది. మానవశ్రవణమునకు అందు కంపనముల పైహద్దు సెకనునకు సుమారు 20,000. ఒక తరంగమునందలి అత్యధిక కంపనసంఖ్యకు రెట్టింపును మించిన కొలతలు తీసినయెడల ఆ తరంగమును యథాతథముగ పునర్నిర్మింపవచ్చునని 1933లో సోవియట్ దేశమున కోతెల్నికోవ్, 1949లో అమెరికాయందు క్లాడ్ షానన్ గణితముచేత నిరూపించియున్నారు. కావున కొలతకును కొలతకును నడుమ సంగీతము జారిపోవుచున్నదను భయము నిరాధారము. ఇక 16 బిట్లు, అత్యుచ్చధ్వనికిని అంకెల పద్ధతిలో అంతర్గతమగు రొదకును నడుమ సుమారు 96 డెసిబెల్‌ల దూరమును సమకూర్చును. ఇంటియందు కూర్చుండి పాట వినువానికి ఇంతకుమించిన నిశ్శబ్దముతో నిమిత్తముండదు. ఒకప్పుడు ధనికుల యంత్రములలోనే యుండిన ఈ పరివర్తనశక్తి లక్షలకొలది చిప్పులు తయారగుటచేత నేడు సామాన్యునికి అందుబాటైనది. అల్పమూల్యపు చిప్పులు సైతము ఈ పనిని చెవికి లోపము తోచనంత నైపుణ్యముతో నిర్వహించుచున్నవి.

చిక్కంతయు రెండవ కార్యమున నున్నది. కంప్యూటరు వెనుకభాగమున కనిపించు లేతాకుపచ్చ రంధ్రము ప్రధానముగ బల్లమీద నుంచుకొను స్పీకర్లకై ఉద్దేశింపబడినది. ఆ స్పీకర్లలో వాటి ఆంప్లిఫయరు వాటికే యుండును గనుక, కార్డునుండి అవి కోరునది సంకేతమే గాని బలము గాదు. వాటి ప్రవేశద్వారమున విద్యుత్తునకెదురగు అవరోధము సాధారణముగ పదివేల ఓముల వరుసలో నుండును. హెడ్‌ఫోనుల అవరోధమన్ననో 16 ఓములు మొదలుకొని 300 ఓములవరకు మాత్రమే యుండుట పరిపాటి. ఎత్తున నున్న తొట్టెనుండి సన్నని గొట్టము ద్వారమున దిగు నీరు, కుళాయిని కొంచెముగ త్రిప్పినప్పుడు జోరుగానే వచ్చి, పూర్తిగ విప్పినప్పుడు ఒత్తిడి తగ్గి నీరసించినట్లు, పదివేల ఓముల యెదుట నిబ్బరముగ నిలిచిన కార్డు, ముప్పదిరెండు ఓముల హెడ్‌ఫోను తగిలించినంతనే తన వోల్టేజిని నిలుపుకొనలేక కృశించును. గొట్టము సన్ననగుటవంటిదే కార్డు లోపలి అవరోధము. కొన్ని మదర్‌బోర్డులలో ఇది 75, 100 ఓములవరకు నుండుట అరుదు గాదు.

ధ్వని తగ్గుట మాత్రమే దీని ఫలమైనచో వాల్యూమును పెంచుకొని ఊరకుండవచ్చును. కాని హెడ్‌ఫోనుయొక్క అవరోధము అన్ని కంపనములయెడల సమముగ నుండదు. సామాన్యముగ వాడుకలోనుండు తీగచుట్ట హెడ్‌ఫోనులలో పెక్కింటికి సుమారు 100 కంపనముల చెంత అది శిఖరమువలె లేచును. పైకి 32 ఓములని వ్రాసియున్న ఒక హెడ్‌ఫోను ఆ శిఖరమున 64 ఓములైనదనుకొందము. కార్డు లోపలి అవరోధము 100 ఓములైనచో, హెడ్‌ఫోనునకు దక్కు వోల్టేజి సామాన్యస్వరములయందు 132లో 32 పాళ్లు, శిఖరమున 164లో 64 పాళ్లు. ఈ భేదము నాలుగు డెసిబెల్‌లకు పైమాట. అనగా సంగీతజ్ఞుడును, నమోదుచేసిన ఇంజనీరును ఉద్దేశింపని ఉబ్బు ఒకటి మంద్రస్వరములలో నెక్కి, వీణయు మృదంగమును ఏకమై మసకబారును. అదే కార్డు లోపలి అవరోధము రెండు ఓములే యైనచో ఆ భేదము డెసిబెల్‌లో నాలుగవ వంతునకు దిగిపోవును, చెవికి అందదు. కార్డు లోపలి అవరోధము హెడ్‌ఫోను అవరోధములో ఎనిమిదవ వంతునకు మించరాదని ధ్వనిప్రియులు చెప్పుకొను సూత్రమునకు ఆధారమిదియే.

మరికొన్ని కార్డులలో లోపము దీనికి విపరీతమైన రూపమును దాల్చును. నిర్గమద్వారమున ఏకముఖవిద్యుత్తును అడ్డుటకై అమర్చిన కెపాసిటరు చాలినంత పెద్దది కానిచో, మంద్రస్వరములు ఉబ్బుటకు మారుగా మాసిపోవును. కార్డు లోపలి అవరోధము స్వల్పమైనప్పుడు, 100 మైక్రోఫారడ్‌ల కెపాసిటరును 32 ఓముల హెడ్‌ఫోనుతో జతపరచినచో 50 కంపనముల వద్దనే శక్తి సగమునకు పడిపోవును. అదే కెపాసిటరు 300 ఓముల హెడ్‌ఫోనునకు తోడైనచో ఆ పతనము ఐదు కంపనముల దరికి, అనగా చెవికి అతీతమైన సీమకు తొలగిపోవును. ఒకే కార్డు ఒకని హెడ్‌ఫోనుతో మధురముగను, వేరొకని హెడ్‌ఫోనుతో నిస్సారముగను వినబడుటకును, ఆ ఇరువురును ఎవరి అనుభవమును వారు ప్రమాణముగ చెప్పి తగవులాడుటకును కారణమిట్టిది.

తన కార్డు లోపలి అవరోధమెంతయో గృహస్థు తానే కొలుచుకొనవచ్చును. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీవంటి అంగళ్లలో స్వల్పమైన వెలకు దొరకు 33 ఓముల రెసిస్టరును, మామూలు మల్టీమీటరును ఇందుకు చాలును. సెకనునకు 300 కంపనములుగల శుద్ధస్వరమును కంప్యూటరునందు మ్రోయించి, హెడ్‌ఫోనును తగిలింపక, జాకునకు అమర్చిన తీగకొనల నడుమ ఏసీ వోల్టేజిని మొదట ఊరక కొలిచి, పిదప రెసిస్టరును అడ్డముగ జతపరచి మరల కొలువవలయును. మొదటి కొలతను రెండవ కొలతచే భాగించి, లబ్ధమునుండి ఒకటి తీసివేసి, మిగిలినదానిని 33చే గుణించినచో కావలసిన సంఖ్య వచ్చును. ఊరకున్నప్పుడు 0.80 వోల్టు, రెసిస్టరుతో 0.20 వోల్టు కనబడెనేని, నాలుగునుండి ఒకటి పోగా మూడు, మూడు ముప్పదిమూళ్లు 99 ఓములు. వాల్యూమును మధ్యస్థముగ నుంచి కొలుచుట మేలు. ధ్వని వికృతమగునంత హెచ్చున తీసిన కొలత నమ్మదగినది కాదు.

ఈ విషయము తెలిసినమీదట హెడ్‌ఫోనును ఎన్నుకొనుట సులువగును. పెట్టెమీద ముద్రించిన రెండు సంఖ్యలను తప్పక చూడవలయును: ఒకటి ఓములలో అవరోధము, రెండవది ఒక మిల్లీవాట్టునకు ఎన్ని డెసిబెల్‌ల ధ్వనినిచ్చునో తెలుపు గ్రహణశక్తి. మిల్లీవాట్టునకు 100 డెసిబెల్‌లనిచ్చు 32 ఓముల హెడ్‌ఫోను, సంగీతమునందలి క్షణికమైన 110 డెసిబెల్‌ల ఉద్ధృతిని అందుకొనుటకు 0.57 వోల్టు కోరును. 97 డెసిబెల్‌లనిచ్చు 300 ఓములదానికి అదే పనికి రమారమి 2.45 వోల్టులు కావలయును. సాధారణమైన కార్డు ఇచ్చునది ఒకటి రెండు వోల్టులే గనుక, సెన్‌హైజర్‌వారి హెచ్‌డీ 600 వంటి 300 ఓముల మేలిరకములు ఇట్టి కార్డుతో స్వరశుద్ధిని కోల్పోకున్నను, గట్టిగ వినువారికి ధ్వని చాలదనిపించును. 1984నుండి నేటివరకు రూపుమారక విక్రయింపబడుచున్న కాస్‌వారి పోర్టా ప్రో 60 ఓములది. తక్కువ బలముతోనే చక్కగ పలుకును గనుక అల్పమూల్యపు కార్డునకు అనుకూలమైన తోడు. సమతలపు పొరమీద తీగను పరచి చేయు ప్లేనార్ రకములకు అన్ని కంపనములయెడల అవరోధము దాదాపు సమముగ నుండును. కార్డు అవరోధము హెచ్చైనను వాని స్వరతుల్యత చెడదు, ధ్వని మాత్రము తగ్గును. చెవిలో దూర్చుకొను బాలెన్స్‌డ్ ఆర్మేచర్ ఇయర్‌ఫోనుల అవరోధమో, స్వరస్వరమునకు విపరీతముగ మారును. అవి చవక కార్డుతో పొసగుట కష్టము.

ఇక రొద సంగతి. కంప్యూటరు పెట్టె లోపల ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు, విద్యుత్ సరఫరా పరికరము నిమిషమైన తెరపిలేక విద్యుత్తును తెంచి కలుపుచుండును. ఆ అలజడి సన్నని సంకేతములు పారు తీగలలోనికి చొరబడినప్పుడు, మౌసు కదలించినంతనే చెవిలో గీరినట్లు వినబడు రొద పుట్టును. పెట్టె ముందువైపు జాకునకు మదర్‌బోర్డునుండి పోవు తీగ ఈ అలజడిమధ్యనుండియే పయనించును గనుక, రొద వినబడినప్పుడు మొట్టమొదట చేయదగిన పరీక్ష హెడ్‌ఫోనును వెనుకవైపునకు మార్చి చూచుట. ఇందొక మెలిక కలదు: కొన్ని బోర్డులలో హెడ్‌ఫోనును నడపజాలిన బలము ముందు జాకునకును, నిశ్శబ్దము వెనుక జాకునకును దక్కియుండును, రెంటిని వినిచూడక నిర్ణయింపరాదు. ల్యాప్‌టాప్ వాడువారు చార్జరును తీసి ఒకమారు వినిచూడవలయును. రొద మాయమైనచో దోషము కార్డుది కాదు, చార్జరుద్వారమున వచ్చు విద్యుత్తుది. ఈ పరీక్షకు ఆలాపనకంటె తగిన సంగీతము లేదు. గాయకుడు ఊపిరి పీల్చుకొను విరామములో తంబురాశ్రుతి వెనుక ఏమి వినబడుచున్నదో గమనించినచో కార్డుయొక్క నిజస్వరూపము తెలిసిపోవును.

పరీక్షలన్నియు చేసినమీదట కార్డు నిజముగ అశక్తమని తేలినప్పుడు గూడ భారీవ్యయము అనవసరము. ఆసుస్ సంస్థ 2010లో వెలువరించిన జోనార్ డీజీ అను కార్డు ఇందుకు మంచి ఉదాహరణము. చవకరకములలో జేరినదయ్యును, హెడ్‌ఫోనుకొరకే ఒక ఆంప్లిఫయరును దానియందమర్చి, హెడ్‌ఫోను అవరోధమునుబట్టి బలమును ఎంచుకొను వీలును కల్పించిరి. ఐతే ఆ ఎంపికను వాడువాడు స్వయముగ చేయవలయును. డ్రైవరులో స్పీకర్లు అను గుర్తును హెడ్‌ఫోను అను గుర్తునకు మార్చక, మంచి కార్డును కొనియు నాసిధ్వనిని అనుభవించువారు కలరు. నేడు అంతకంటెను సులభమైన ఉపాయము యూఎస్‌బీ రంధ్రమునకు తగిలించు చిన్న అడాప్టరు. ఆపిల్ సంస్థ ఫోనులకొరకై తొమ్మిది డాలర్లకు విక్రయించిన యూఎస్‌బీ-సీ అడాప్టరు కంప్యూటరునకును పనికివచ్చును. దాని లోపలి అవరోధము ఒక ఓము మాత్రమే, అమెరికాయందు విక్రయించు రకము ఇచ్చు వోల్టేజి ఒక వోల్టు. 300 ఓముల హెడ్‌ఫోనునకది చాలకపోవచ్చును గాని, 16 మొదలు 60 ఓముల వరకు గల సామాన్యుల హెడ్‌ఫోనులకు ధారాళముగ సరిపోవును. పరివర్తనము కంప్యూటరు పెట్టెవెలుపల జరుగుటచేత లోపలి రొదలో అధికభాగము నుండి విముక్తియు లభించును.

పైసా ఖర్చులేని సవరణలు మరికొన్ని కలవు. కార్డుతోడ వచ్చు సాఫ్ట్‌వేరు, ధ్వనిని “మెరుగుపరచు” పేరిట ప్రతిధ్వనులను, కృత్రిమమైన గుమగుమను చేర్చియుండును. విండోస్ సౌండ్ సెట్టింగులలో ఎన్‌హాన్స్‌మెంట్స్ అను శీర్షికక్రింద వీనినన్నింటిని మాన్పింపవచ్చును. ప్లేయరులో వాల్యూమును నూరునకు మించి పెంచు సదుపాయమును వాడరాదు. నూరును దాటినంతనే తరంగశిఖరములు తెగి కర్కశత్వము పుట్టును. లైనక్స్ వాడువారు ఆల్సామిక్సరు తెరచి, మాస్టరు, హెడ్‌ఫోను, పీసీఎం అను మీటలలో ఒకటి అడుగున నుండిపోయెనేమో చూడవలయును. స్వరతుల్యతను చక్కదిద్దుటకు విండోసునందు ఈక్వలైజర్ ఏపీఓ, లైనక్సునందు ఈజీ ఎఫెక్ట్స్ ఉచితముగ లభించును. కాని ఏ స్వరమునైనను ఐదు డెసిబెల్‌లు పెంచినప్పుడు మొత్తముమీద ఐదు డెసిబెల్‌లు తగ్గించుట మరువరాదు, లేనిచో శిఖరములు తెగుట తప్పదు. హెచ్చినదానిని తగ్గించుట, తగ్గినదానిని పెంచుటకంటె ఎల్లప్పుడు శ్రేయము.

మన పాత పాటలు వినువారికి ప్రత్యేకముగ చెప్పవలసిన మాట ఒకటి కలదు. పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957) మున్నగు చిత్రముల పాటలు ఏకనాళికాధ్వనిగ, అనగా మోనోలో నమోదైనవి. హెడ్‌ఫోనులో అవి తలనడుమ ఒకే బిందువునుండి పుట్టినట్లు వినబడుట సహజము, దోషము గాదు. కృత్రిమముగ ఎడమకుడులకు విడదీసిన ప్రతులను, సరౌండ్ పేరిట చిప్పు చేర్చు మాయలను వదలి, మూలమునకు సన్నిహితమైన ప్రతిని సాదాగ వినినప్పుడు గాత్రముయొక్క నిండుదనము తిరిగి దక్కును. తొలినాటి స్టీరియో పాటలలో వాద్యములు పూర్తిగ ఒక చెవికే పరిమితమై తలనొప్పి కలిగించినచో, ఒక చెవి ధ్వనిలో కొంతభాగమును మరియొక చెవికి మెత్తగ చేర్చు క్రాస్‌ఫీడ్ అను ఉపాయము కలదు. బెంజమిన్ బౌయర్ 1961లో ప్రతిపాదించిన ఈ పద్ధతి నేడు పెక్కు ప్లేయర్లలో ఉచితముగ దొరకును.

కొత్త పరికరమును పాతదానితో పోల్చునప్పుడు చెవి మనలను మోసపుచ్చును. ధ్వని హెచ్చినకొలది మంద్ర తారస్వరములు మునుపటికంటె నిండుగ తోచునని ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు 1933లోనే నిర్ధారించిరి. అందుచే కొంచెము గట్టిగ పలికినదే మేలైనదిగ భ్రమపడి ధనము పోగొట్టుకొనుట జరుగును. రెంటిధ్వనిని సమముచేసి, ఏది వినిపించుచున్నదో తెలియకుండ వేరొకరిచేత మార్పించుకొని వినినప్పుడే తీర్పు నమ్మదగియుండును. అన్నింటికంటె ముఖ్యమైనది చెవి రక్షణము. పెద్దలు 80 డెసిబెల్‌ల సగటుధ్వనిని వారమునకు 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థయు, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘమును 2019లో హద్దు నిర్ణయించినవి. బాలబాలికలకు 75 డెసిబెల్‌లే హద్దు. మూడు డెసిబెల్‌లు పెరిగినప్పుడెల్ల అనుమతింపదగిన కాలము సగమగును. రొద తగ్గి స్వరము స్పష్టమైనకొలది మనమే వాల్యూమును దించుకొందుము గనుక, నాదశుద్ధి ఆరోగ్యహేతువు గూడ నగుచున్నది.

కావున సంగీతప్రియుడు తన పరిమితధనమును వ్యయించుటకు ఒక క్రమమును పాటింపవలయును. మొదట సెట్టింగులను సరిదిద్ది, రెండు జాకులను పరీక్షించి, ఉన్న కార్డుయొక్క శక్తిని, దోషమును కనిపెట్టవలయును. ఇందుకు వ్యయమేమియు లేదు. పిదప ఆ కార్డునకు ఒదుగు హెడ్‌ఫోనునకే ధనములో సింహభాగమును కేటాయింపవలయును. ఏలయన, ధ్వనిస్వరూపమును నిర్ణయించుటలో హెడ్‌ఫోనునకు గల పాత్ర మరి దేనికిని లేదు. అప్పటికిని రొదయో, బలహీనతయో మిగిలియున్నచో చిన్న అడాప్టరుతో ఆ కొరత తీరును. ఈ క్రమమును తలక్రిందులుచేసి, మొదటనే వేలకొలది రూపాయల యంత్రములను కొన్నవాడు, పొందిక కుదరని హెడ్‌ఫోనుతో ఆ యంత్రముల శక్తినంతయు వృథాపుచ్చుకొనును. మంచి నాదము ధనికుల సొత్తు గాదు. తన చేతనున్న వస్తువుల స్వభావమును ఓపికతో తెలిసికొన్న సామాన్యునికి అది నేడు న్యాయముగ దక్కవలసిన భాగ్యము, దక్కుచున్న భాగ్యము.